క్లాజెట్‌లో చదివిన పుస్తకం

"రెండు పేజీలే కదా మిగిలింది! రెండు పేజీలకి దేవుడేమీ తప్పు పట్టడని చెప్పు," అన్నాను మా అమ్మాయితో.

"వాళ్ళ దేవుడి తరఫున నేనెలా చెప్పనమ్మా?" అంది మా అమ్మాయి.

పక్కింటావిడ అప్పుడే టేప్ రికార్డర్ ఆపేసి, కోట్లు వేలాడదీసే చిన్న గదిలోంచి, అదే క్లాజెట్‌లోంచి, బయటికొచ్చి నిలబడింది. చేతిలో పుస్తకం ఉంది. వేలు ఇంకా పేజీ మధ్యలోనే ఉంది. కిటికీ వైపు చూసి, "సూర్యుడు దిగిపోతున్నాడు. నేను కొవ్వొత్తులు వెలిగించుకోవాలి," అంది. ఎండు కొబ్బరాకును గచ్చు మీద ఈడిస్తే ఎలా ఉంటుందో ఆ గొంతు అలా ఉంది.

"కొవ్వొత్తులు ఎక్కడికీ పోవు. పోయేది గొంతు. ఆ మాట చెప్పు."

"అలా చెప్పనమ్మా. పేషెంట్‌తో అలా మాట్లాడకూడదు."

"హాస్పిటల్లో పేషెంటు. ఇక్కడ నా పక్కింటావిడ. చెప్పు."

మా అమ్మాయి ఏం చెప్పిందో, ఎంత మెత్త చేసి చెప్పిందో నాకు తెలియదు. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటలన్నీ మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పినవే. ఆవిడ నా వైపు తిరిగి, "నా గొంతు సంగతి నాకు తెలుసు. రేపు సాయంత్రం ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించాక మళ్ళీ మొదలుపెడతాను. మీకెందుకు ఇంత తొందర?" అంది.

"రేపు సాయంత్రమనేది ఎవరి చేతిలో ఉందట?"

"మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. అందుకే ఆపాను."

ఆ పోట్లాట అక్కడితో ఆగలేదు. మిగతాది చెప్పాలంటే ఆవిడ ఎవరో, క్లాజెట్‌లో ఏం చదువుతోందో, నాకు అందులో ఏం పనో ముందు చెప్పాలి.

మా అమ్మాయి నర్సు. గుంటూరులో ట్రైనింగ్ అయ్యి, న్యూజెర్సీలో ఒక పెద్ద హాస్పిటల్లో ఉద్యోగం దొరికి వచ్చింది. మనవరాలు పుట్టాక బిడ్డని చూసుకోవడానికి నన్ను పిలిపించుకున్నారు. ఎనభైలు మొదలైన రోజులవి. ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంటు, పొడుగాటి వరండా, అన్ని తలుపులూ ఒకే రంగు. పగలు అమ్మాయీ అల్లుడూ డ్యూటీలకి వెళ్తే నేనూ, పసిపిల్లా, నా ప్రెషర్ కుక్కరూ మిగిలేవాళ్ళం. ఆ కుక్కరు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్నది. వద్దన్నా వినలేదు. ఉన్న వస్తువుని అక్కడ వదిలేసి ఇక్కడ మళ్ళీ కొనడం నాకు ఇష్టం లేదు.

ఒక రోజు పప్పు ఉడుకుతుంటే వంటింటి గోడ దబదబా మోగింది. అవతల ఎవరో మేకు కొడుతున్నారనుకున్నాను. మర్నాడూ మోగింది. తర్వాత గమనిస్తే నా కుక్కర్ కూసినప్పుడల్లా ఆ గోడ మోగుతోంది. ఊరుకునే రకాన్ని కాదు నేను. అప్పడాల కర్ర తీసుకుని నేనూ కొట్టాను. అవతల నుంచి మళ్ళీ కొట్టారు. నేను ఇంకా గట్టిగా కొట్టాను. మనవరాలు లేచి ఏడ్చింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు ఒక ముసలావిడ తలుపు తట్టింది. సన్నగా, పొట్టిగా, తెల్ల జుట్టుని కుదురుగా పిన్నులు పెట్టి బిగించుకుని ఉంది. చంకలో టేప్ రికార్డరు. పలకరింపు కూడా లేకుండా దాన్ని మా టేబుల్ మీద పెట్టి మీట నొక్కింది. ఒక ఆడ గొంతు ఇంగ్లీషులో చదువుతోంది. మంచి గొంతు, గంట కొట్టినట్టు ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తోంది. అంతలో ఆ మాటల మీదుగా కుయ్‌మని నా కుక్కర్.

"మీ ఇంట్లోకి రైలు వస్తుందా?" అని అడిగింది.

మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వలేదు. "ఇక్కడ పెళ్ళికూతురు మెట్లు దిగి వస్తోంది. పాట మొదలవుతోంది. అప్పుడు మీ కూత. నా పుస్తకం వినేవాళ్ళకి కళ్ళు లేవు. పెళ్ళికూతురు రైలెక్కి పారిపోయిందనుకుంటారు," అంది.

అప్పుడు తెలిసింది సంగతి. ఆవిడ స్కూల్లో చదువు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. చూపు పోయిన ముసలివాళ్ళ కోసం పుస్తకాలు పైకి చదివి క్యాసెట్ల మీద ఎక్కిస్తుంది. తమ జాతి వాళ్ళ జీవితం, చరిత్ర, పండగలు, పాటలు, వంటలు, పాత ఊళ్ళు, వీటి గురించిన పుస్తకాలే. ఆ క్యాసెట్లు వాళ్ళ ప్రార్థన మందిరంలోని లైబ్రరీకి వెళ్తాయి. అక్కడి నుంచి పోస్టులో ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్తాయి. జీతం లేదు. గదిలో కూర్చుంటే వీధిలో బస్సులు వినిపిస్తాయని క్లాజెట్‌లో స్టూలు వేసుకుని, చలికోట్ల మధ్య కూర్చుని చదువుతుంది. బొచ్చు కోట్లు చప్పుడుని మింగేస్తాయట. బస్సుల్నైతే మింగాయి గానీ, ఆ క్లాజెట్‌కీ మా వంటింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. కూత పడితే టేపు వెనక్కి తిప్పి, ఆ పేరా మొదటి నుంచీ మళ్ళీ చదవాలి.

"అయితే నేనేం చెయ్యాలి? పప్పు మానెయ్యాలా?" అన్నాను.

"తను చదివేటప్పుడు గిన్నెలో వండుకోమంటోందమ్మా."

కుక్కర్ ఉండగా గిన్నెలో వండడమంటే గ్యాసు తగలెయ్యడం. ఆ మాట నోటి దాకా వచ్చింది. మా అమ్మకి చివరి రోజుల్లో చూపు పోయింది. చదివి వినిపించేవాళ్ళు లేక గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళ చెప్పుల చప్పుడు వినేది. ఆ నడక ఫలానా వాళ్ళదని చెప్పి, సరిగ్గా చెప్పానా అని అడిగేది. అది గుర్తొచ్చి సరేనన్నాను. ఒప్పందం ఏమిటంటే, ఆవిడ చదవడం మొదలుపెట్టేటప్పుడు గోడ మీద ఒకసారి కొట్టాలి. అయిపోయాక రెండుసార్లు కొట్టాలి. ఆ మధ్యలో మా ఇంట్లో కుక్కర్ ఎక్కదు, మిక్సీ తిరగదు, రోట్లో ఏదీ దంచను.

ఆవిడ యూదురాలని మా అమ్మాయి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను. చదవడం వచ్చింది గనక బైబిలు చాలాసార్లు చదివాను. యూదులంటే నాకు అబ్రాహాము, మోషే, దావీదు. బైబిలు అట్ట మూశాక వాళ్ళేమయ్యారని నేనెప్పుడూ అడగలేదు. తెల్లతోలు మనిషి కనిపిస్తే మా వైపు దొరసాని అనేవాళ్ళం. ఆవిణ్ణి కూడా నేను దొరసానమ్మ అనుకున్నాను, ఆదివారం ఏ చర్చికి వెళ్తుందో అడిగిద్దామనుకున్నాను. యూదురాలని తెలిశాక మా అమ్మాయి చేత మొదట అడిగించింది ఇదీ: "మీది ఏ గోత్రం? లేవీయా, బెన్యామీనా?"

ఆవిడ నవ్వగా చూడడం అదే మొదటిసారి. "నాకు తెలిసినంతవరకూ మా తాత గుండీలు అమ్మేవాడు. గుండీల గోత్రం అని రాసుకోమనండి," అంది.

క్యాసెట్లు ఒక్కోసారి మా ఇంటికి ఇచ్చేది. మా అమ్మాయి డ్యూటీకి వెళ్ళే తెల్ల బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ టేపు పెట్టేది. కొంచెం విని, ఆపి, నాకు తెలుగులో చెప్పేది. శుక్రవారం రొట్టెని జడలా అల్లి కాలుస్తారట. పెళ్ళీడు ఆడపిల్ల ఉన్న ఇంట్లో చలికాలమంతా బాతు ఈకలు ఏరి దిండ్లకి దాస్తారట. చేపని ముళ్ళు తీసి, నూరి, ఉండ చేసి, పంచదార వేసి ఉడికిస్తారట.

"చేపకి పంచదారేమిటే? వాంతి రాదూ?"

"వాళ్ళకి అలవాటమ్మా. నువ్వు పులుసులో బెల్లం వెయ్యవా?"

"అది పులుసు. చేపలో ఎవరేస్తారు?"

కాలిన కొవ్వొత్తుల మొదళ్ళన్నీ గీకి, కరిగించి మళ్ళీ కొవ్వొత్తి చేసుకునే ఒక విధవరాలి కథ కూడా విన్నాను. ఆవిడ నాకు బాగా నచ్చింది. ఆవిడ తర్వాత ఏమైందని అడిగితే మా అమ్మాయి టేపు ముందుకు తిప్పి విని, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. యుద్ధంలో ఆ ఊరి వాళ్ళందరినీ తీసుకుపోయి చంపేశారు. ఆ విధవరాలు కూడా అందులో ఉంది. ఆ రోజు మేమిద్దరం ఇంకేమీ వినలేదు.

అలా ఇరుగుపొరుగయ్యాం. మా ఇంట్లో మాత్రం ఏమీ తినేది కాదు. మేమంటే రోతేమో అనుకుని కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాను. మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు, వాటి లెక్క వాళ్ళకుందని తర్వాత తెలిసింది. వాళ్ళ విశ్రాంతి దినం ఎంత గట్టిదో మాత్రం నేను నా చేత్తో తెలుసుకున్నాను.

ఒక శనివారం పొద్దున్నే, వానలో ఆవిడిచ్చిన గొడుగు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. తలుపు తీసింది. చూస్తే పట్టపగలు హాల్లో దీపం, వంటింట్లో దీపం, స్నానాలగదిలో దీపం. పొయ్యి మీద సన్న సెగ, దాని మీద గిన్నె. ఒక్క మనిషికి ఇన్ని దీపాలు! ముసలితనం, మరిచిపోయిందనుకున్నాను. మంచి పని చేస్తున్నాననుకుంటూ ఒక్కొక్క గదిలోకీ వెళ్ళి స్విచ్చులన్నీ ఆర్పేశాను. పొయ్యి కూడా కట్టేశాను. ఆవిడ "ఓ!" అంది, చెయ్యి ఎత్తింది, మళ్ళీ దించేసింది. నేను గొడుగు మూలన పెట్టి, తృప్తిగా ఇంటికొచ్చాను.

ఆదివారం మా అమ్మాయికి చెప్పిందట. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా ఆవిడ దీపం వెలిగించకూడదు, ఆర్పకూడదు, పొయ్యి ముట్టించకూడదు. అందుకని ముందే అన్నీ వెలిగించి పెట్టుకుంటుంది. వెలిగించమని నన్ను అడగడం కూడా కూడదు. చల్లటి కూడు తిని, చీకటి గదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుందట. మా అమ్మాయి నవ్వలేక చచ్చింది.

"విశ్రాంతి దినం గురించి బైబిల్లో చదివావుగా అమ్మా!"

"చదివాను. అది స్విచ్చుల దాకా వస్తుందని అందులో లేదు."

చలికాలం మొదలయ్యేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. జలుబన్నది. మా అమ్మాయి వినగానే ముఖం మార్చి, జలుబైతే ఇన్నాళ్ళుండదు, డాక్టర్‌కి చూపించుకోండి ఆంటీ, అని పట్టుబట్టింది. గొంతులో పుండు అన్నారు. చెడ్డ పుండు. ఆపరేషన్ చేసి మాటపెట్టె తీసేస్తే మనిషి బతుకుతుంది, గొంతు మాత్రం ఉండదు. అంతవరకూ వీలైనంత తక్కువ మాట్లాడమన్నారు. ఆపరేషన్ ఒక సోమవారం అని రాసిచ్చారు.

అప్పటికి ఆవిడ చేతిలో ఒక పుస్తకం ఉంది. అది ఆవిడ సొంత ఊరి పుస్తకం. కొవ్వొత్తుల విధవరాలి ఊరూ అదే. యుద్ధానికి ముందే బయటపడినవాళ్ళు, ప్రాణాలతో మిగిలినవాళ్ళు, తలా ఒక వీధి గురించి, ఒక అంగడి గురించి రాసి కలిపి కుట్టినది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ఆవిడా, ఆవిడ అక్కా చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే తల్లితో ఓడెక్కి ఆ ఊరు విడిచి వచ్చారు. ఆ అక్క ఇప్పుడు ఫ్లోరిడాలో ముసలివాళ్ళ ఇంట్లో ఉంది. చూపు పూర్తిగా పోయింది. ఆ పుస్తకం ఎవరు చదివినా వింటుంది గానీ, మన అమ్మ పలికినట్టు ఆ వీధుల పేర్లు పలికేది నువ్వు ఒక్కదానివే మిగిలావని చెల్లెలికి కబురు చేసింది. ఒక క్యాసెట్ అయిపోగానే ఆవిడ పోస్ట్ చేసేది. అక్క విని, ఫోన్ చేసి, ఫలానా అంగడి మూల మీద కాదు, బావి పక్కన, అని పుస్తకంతోనే గొడవపడేదట.

సోమవారం లోపు ఆ పుస్తకం పూర్తి కావాలి. ఆవిడకి ఇంక వేరే ధ్యాస లేదు.

పొదుపంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాడిన అల్యూమినియం ఫాయిల్ కడిగి ఆరేసుకుంటాను. బ్రెడ్డు వచ్చిన సంచీ మళ్ళీ వాడతాను. కాగితం తువ్వాలు చింపి సగమే తీసుకుంటాను. కానీ గొంతుని పొదుపు చేసిన మనిషిని మాత్రం ఆవిణ్ణి ఒక్కదాన్నే చూశాను. ఫోన్ ఎత్తడం మానేసింది. దుకాణంలో కావలసినదాన్ని వేలుతో చూపించేది. వరండాలో ఎదురైతే తలూపేది. తుమ్ము వస్తే కూడా ముక్కు పట్టుకుని ఆపుకునేది. రోజంతా అలా దాచుకున్న గొంతుని కోట్ల మధ్య కూర్చుని పుస్తకానికి ఖర్చుపెట్టేది. ఇంగ్లీషు రాని నాకూ, మాట్లాడని ఆవిడకీ అప్పుడే బాగా కుదిరింది. ఆవిడ గ్లాసులోనే, ఆవిడ పొయ్యి మీదే నీళ్ళు కాచి, అల్లం, తేనె వేసి ఇచ్చేదాన్ని. రెండు చేతులతో పట్టుకుని తాగేది. గోడ మీద ఒకసారి కొడితే నేను గిన్నె ఎక్కించేదాన్ని. పసిదాన్ని ఎత్తుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆఖరి శుక్రవారం వచ్చింది. ఒక చిన్న అధ్యాయం మిగిలింది. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దుగూకే లోపు అయిపోతుంది. మధ్యాహ్నానికి గొంతు కాస్త తేటపడుతుందని పొద్దున్నంతా వాడకుండా, నానబెట్టినట్టు ఉంచుకుందట.

ఆ రోజు మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. అప్పట్లో అక్కడ మనకు చర్చి కట్టడం లేదు. కోస్తా నుంచి వచ్చిన నర్సుల కుటుంబాలు కొన్ని. ఆడవాళ్ళం శుక్రవారం డ్యూటీ లేనివాళ్ళం ఒకరింట్లో కూడేవాళ్ళం. ఆ వారం మా ఇంట్లో పెట్టమని నేనే అడిగాను. పక్కింటి సహోదరి గొంతు కోసం ప్రార్థన చెయ్యాలి, అందుకు పక్క గోడ కంటే మంచి చోటు ఏముంటుంది అని నా ఉద్దేశం. పొద్దున్న ఆవిడ ఇంటికి వెళ్ళి, నా గొంతు చూపించి, చేతులు జోడించి, పైకి చూపించాను. అర్థం చేసుకుంది. నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

మనవాళ్ళ ప్రార్థన ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందరూ ఒక్కసారే గొంతెత్తి చేస్తారు. కంజీర తెచ్చారు. పాట మీద పాట పాడారు. పెద్దావిడ ఒకరు గోడకి రెండు చేతులూ ఆనించి, "ప్రభువా, ఆ కంఠాన్ని ముట్టు! ఆ స్వరాన్ని విడిపించు!" అని కన్నీళ్ళతో కేకలు పెట్టింది. ఇంకొకామె ఆ సహోదరికి వెలుగు చూపించమని, ఈ సత్యంలోకి నడిపించమని కూడా కలిపింది. నేను కూడా గట్టిగానే చేశాను. నా జీవితంలో ఒక మనిషి కోసం అంత గట్టిగా అడిగింది లేదు. ప్రార్థన అయ్యాక ఉపవాసం విడవడానికి ఉప్మా, టీ పెట్టాను. కబుర్లు మొదలయ్యాయి, బిడ్డల చదువులు, ఊళ్ళో సంగతులు. వాళ్ళ కార్లు కదిలేసరికి మంచు మీద ఎండ పచ్చబడిపోయింది.

గోడ మీద రెండుసార్లు చప్పుడు వస్తుందేమోనని చూశాను. అప్పుడు వచ్చింది ఒక్కటే. మొదలుపెట్టానని చెప్పే చప్పుడు.

కూర్చోలేకపోయాను. మా అమ్మాయి డ్యూటీ దిగి రాగానే, "పద, అయిపోతోందేమో చూద్దాం," అని వెంటబెట్టుకుని వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. క్లాజెట్ లోంచి ఆ బొంగురు గొంతు మెల్లగా వస్తోంది. నిలబడి విన్నాం. ఒక చోట ఆగింది. మీట టక్కున లేచింది. ఆవిడ బయటికి వచ్చింది. ఇక పోట్లాట ఎలా మొదలైందో ముందే చెప్పాను.

మూడు నక్షత్రాల మాట అన్నాక కూడా నేను వదల్లేదు.

"మధ్యాహ్నమంతా ఏం చేశారో అడుగు. అప్పుడు చదివి ఉంటే ఈ పాటికి అయిపోయేది కదా."

"వదిలెయ్యమ్మా."

"అడుగు."

అడిగింది. ఆవిడ క్లాజెట్‌లోని స్టూలు చూపించింది. "మధ్యాహ్నమంతా ఇక్కడే కూర్చున్నాను, పుస్తకం తెరుచుకుని," అంది. "మీవాళ్ళు పాడుతున్నారు. ఏడుస్తున్నారు. నేను నోరు తెరిస్తే ప్రతి మాట మీదా మీ ప్రార్థన పడుతుంది. ఎలా చదవను?"

ఆ మాట మా అమ్మాయి తెలుగులో చెప్పడానికి కొంచెం ఆలస్యం చేసింది. వాళ్ళని మా ఇంటికి పిలిచింది నేనే. అయినా నోరు మాత్రం ఆగలేదు.

"మరి గోడ మీద కొట్టొద్దూ? నా పప్పు మీద ఎన్నిసార్లు కొట్టలేదు? ఒక్కసారి కొడితే అందరినీ లేపి పంపేసేదాన్ని!"

"పప్పు మీద కొట్టొచ్చు. నా గొంతు కోసం ఏడ్చేవాళ్ళ మీద ఎలా కొట్టను?"

"అయితే ఇప్పుడు చదవమను. మీట ఆవిడ ముట్టుకోనక్కర్లేదు. నేను నొక్కుతాను. ఆవిడ నోరు తెరిస్తే చాలు. మేలు చెయ్యడానికి దినమేమిటి?"

మా అమ్మాయి ఆ మాట చెప్పింది. ఆవిడ పుస్తకం తెరిచి, వేలు పెట్టిన చోటు చూపించింది, నేను చదవగలనన్నట్టు. "ఇందులో ఏముందో తెలుసా? మా ఊళ్ళో శుక్రవారం సాయంత్రం. దర్జీ పెళ్ళికొడుకు కోటు కుడుతున్నాడు. ఒక చెయ్యి ఇంకా అతకలేదు. ఆదివారం పెళ్ళి. పొద్దుగూకింది. సూది గుడ్డలోనే వదిలి లేచాడు. ఇది చదువుతూ నేను లేవకుండా కూర్చోమంటారా?"

చివరి మాటలకి గొంతు దాదాపు లేదు. మా అమ్మాయి ఆవిడ నోటి దగ్గరికి చెవి తీసుకెళ్ళి విని నాకు చెప్పింది. "ఆంటీ, ప్లీజ్, ఇంక మాట్లాడొద్దు," అని ఆవిణ్ణి బతిమాలింది. నన్ను చూసి, "అమ్మా, చాలు," అంది. అంత కోపంగా ఎప్పుడూ అనలేదు.

ఆవిడ టేబుల్ దగ్గరికి వెళ్ళి రెండు కొవ్వొత్తులు వెలిగించింది. చేతులతో కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. శబ్దం వచ్చిందో లేదో నాకు వినిపించలేదు. మేము తలుపు వేసుకుని వచ్చేశాం.

ఆ రోజుల సంగతులు చాలా మరిచిపోయాను. ఇది మాత్రం మరుపుకి రాదు. ఆ సాయంత్రం ఆవిడ గొంతులో ఎంత మిగిలి ఉందో అంతా నాతో వాదించడానికి అయిపోయింది. వారాల తరబడి తుమ్ము కూడా ఆపుకుని దాచుకున్నది. వాళ్ళ అక్క కోసం దాచుకున్నది. నేను కాగితం తువ్వాలు కూడా సగమే చింపే మనిషిని. దర్జీ సంగతి ఆవిడ నోటి నుంచి ఫ్లోరిడాకి వెళ్ళాల్సింది, నా చెవిలో పడింది. ఆ పేజీలు తర్వాత ఎవరు చదివారో, ఆ అక్క విందో లేదో, ఏ అంగడి ఎక్కడుందని దెబ్బలాడిందో నాకు తెలియదు. మా అమ్మాయికి ఇంకో ఊళ్ళో ఉద్యోగం రావడంతో ఎండాకాలానికి ముందే ఇల్లు మారాం.

మర్నాడు పొద్దున్న పసిదానికి పాలు పట్టి, అల్లం ముక్క చేత్తో పట్టుకుని వెళ్ళాను. తలుపు తట్టాను. ఆవిడ తీసింది. నన్ను చూసి నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే. గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. కాగితం తెచ్చి రాసి చూపిస్తుందేమో అనుకున్నాను. శనివారం రాయడం కూడా లేదు. ఉట్టినే నిలబడింది.

చేత్తో పట్టుకెళ్ళిన అల్లం ఏం చెయ్యాలో తెలియలేదు. ఆవిడ పొయ్యి మీద సన్న సెగ వెలుగుతోంది, దాని మీద గిన్నె. హాల్లో దీపం, వంటింట్లో దీపం, స్నానాలగదిలో దీపం వెలుగుతున్నాయి. క్లాజెట్ తలుపు తెరిచే ఉంది. లోపల స్టూలు, దాని మీద పుస్తకం, మూసి ఉంది. కొవ్వొత్తులు కరిగి అడుగంటాయి. ఆవిడ కుర్చీ చూపించింది. కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుంది. మనవరాలు లేచే వేళకి లేచాను. అల్లం టేబుల్ మీద పెట్టాను. దీపాలు ఒక్కటీ ఆర్పలేదు. తలుపు దగ్గరగా వేసి ఇంటికొచ్చి, పప్పు కుక్కర్‌లో పెట్టాను.